గ్యాసే కదా అని వదిలేయకు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నర్సింగ్ మూడో ఏడులో గైనిక్ వార్డు డ్యూటీ పడిందనీ, అండాశయ కేన్సర్ పాఠం ఎంత చదివినా తలకెక్కడం లేదనీ రాశావు. దశలూ మందుల పేర్లూ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఓపీ బల్ల ముందు కూర్చున్న మనిషిని చూడు.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందంటుంది. ఒళ్లు చిక్కింది గానీ లంగా బొందు మాత్రం బిగుసుకుంటోంది. మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్రలిచ్చాడు, టౌన్లో డాక్టరు ఎండోస్కోపీ చేయించాడు. చెప్పిన బాధలన్నీ అజీర్తివే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కాకపోతే అజీర్తి వస్తుంది, పోతుంది. ఇది కొత్తగా వచ్చి, ఇక కదలదు. అమెరికాలో డాక్టర్ బార్బరా గాఫ్ బృందం 2007లో దీనికో లెక్క కట్టింది. ఉబ్బరం, కడుపునొప్పి లేదా పొత్తికడుపు నొప్పి, త్వరగా కడుపు నిండిపోవడం, వీటిలో ఏదైనా ఏడాది లోపు మొదలై నెలలో 12 రోజులకు మించి బాధిస్తుంటే అండాశయాల వైపు చూడాలంది.

చూడటానికి స్కానింగ్ ఉంది, సీఏ-125 అనే రక్తపరీక్ష ఉంది. 35 లోపుంటే మామూలు. అలాగని 35 దాటిన ప్రతిదీ కేన్సర్ కాదు. గర్భసంచిలో గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా పెరుగుతుంది. మన దేశంలో మరీ ముఖ్యంగా కడుపులో టీబీ ఉంటే పొట్టలో నీరూ చేరుతుంది, ఈ అంకె కూడా వందల్లోకి పోతుంది. అందుకే ఏ బాధా లేనివాళ్లకు హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఈ పరీక్ష కలిపి అమ్మడం అత్తయ్యకు నచ్చదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించారు. ఏటా రక్తపరీక్షలు, స్కాన్లు చేసినా ఈ జబ్బుతో పోయేవాళ్ల సంఖ్య తగ్గలేదని 2021లో తేలింది. బాధ ఉన్నవాళ్ల విషయం వేరు, వాళ్లకు ఆలస్యం లేకుండా చేయాల్సిందే.

“నాకు గర్భసంచి ఎప్పుడో తీసేశారమ్మా, నాకేం వస్తుంది?” అనేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఓపీలోనూ తగులుతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. తెల్లబట్ట అయితే చాలు, కేన్సరొస్తుందని బెదిరించి కోసేసిన కేసులు వాటిలో ఎన్నో. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు తీశారో ఉంచారో చాలామందికి తెలియనే తెలియదు. పాత కాగితాలు తెమ్మని అడుగు. ఉంచి ఉంటే ఈ జబ్బు రావచ్చు. నలభై లోపే తీసేసి ఉంటే ఎముకల సంగతి చూడాలి.

ఇంకో విచిత్రం. పేరు అండాశయానిదే గానీ, ఎక్కువగా కనబడే రకం చాలాసార్లు పుట్టేది ఫెలోపియన్ నాళం చివర, అండాన్ని అందుకునే కుచ్చుల్లో. ఆ కుచ్చులు కడుపు కుహరంలోకే తెరుచుకుంటాయి. రాలిన కణాలకు అడ్డు లేదు. పేగుల మీద, వాటిని కప్పిన కొవ్వు తెర మీద, కాలేయం పైన వాలిపోతాయి. చాలామందికి మూడో దశలో గానీ బయటపడకపోవడానికి కారణం ఇదే. పదహారేళ్ల పిల్లలకు వచ్చేది వేరే రకం. చాలావరకు నయమవుతుంది, పిల్లల్ని కనే అవకాశాన్నీ కాపాడవచ్చు.

వైద్యంలో మొదటి కత్తి ఎవరు పట్టారన్నది పెద్ద విషయం. మొదటి దశలో ఉన్న గడ్డ ఆపరేషన్‌లో చేతిలో పగిలిందంటే దశ ఒక మెట్టు పైకి పోతుంది. అనుమానమున్న గడ్డను చిన్న నర్సింగ్ హోమ్‌లో తీయించకుండా గైనిక్ ఆంకాలజిస్టు దగ్గరికి పంపాలి. హైదరాబాద్ ఎం.ఎన్.జె., విశాఖ హోమీ భాభా ఆస్పత్రుల్లాంటివి ఉన్నది అందుకే. అక్కడ గర్భసంచి, నాళాలు, అండాశయాలు, కొవ్వు తెరతో పాటు కంటికి కనిపించే ప్రతి పొక్కునూ తీస్తారు. ఏమీ మిగల్చకుండా తీయగలిగినవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు. మొదటే అంతా తీయడం కుదరదనిపిస్తే మూడు విడతలు కీమో ఇచ్చి, జబ్బు కుంచించుకున్నాక కోసి, మళ్లీ మూడు విడతలు ఇస్తారు.

కీమో రోజున నీ పని ఎక్కువ. మూడు వారాలకోసారి పాక్లిటాక్సెల్, ఆ వెంటనే కార్బోప్లాటిన్. పాక్లిటాక్సెల్‌ను మొదట అమెరికాలోని యూ చెట్టు బెరడులోంచి తీశారు. నందుర్బార్‌లో పుట్టిన మన్సుఖ్ వాణి, మన్రో వాల్‌తో కలిసి 1971లో దాని నిర్మాణం బయటపెట్టాడు. 1992లో అమెరికా దాన్ని మొదట అనుమతించింది ఈ జబ్బుకే. అది నీళ్లలో కరగదు. ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలుపుతారు, ఆ ద్రావకమే కొందరికి పడదు. అందుకని ముందుగా స్టెరాయిడ్, అలర్జీ రాకుండా ఇంజెక్షన్లు ఇస్తారు. డ్రిప్ మొదలైన పది నిమిషాలు మంచం పక్క నుంచి కదలకు. మొహం ఎర్రబడినా, ఆయాసం వచ్చినా, నడుం పట్టేసినట్టుందన్నా ముందు డ్రిప్ ఆపి ఆ తర్వాత డాక్టర్ని పిలువు. రెండో మూడో విడతకు వచ్చినప్పుడు “తిమ్మిర్లున్నాయా?” అంటే ఊరికే తలూపుతారు. “జాకెట్టు హుక్కులు పెట్టుకోగలుగుతున్నావా?” అని అడుగు, అసలు సంగతి తెలుస్తుంది. ఇంటి దగ్గర జ్వరమొస్తే పారాసెటమాల్ మింగి పడుకోకుండా వెంటనే ఆస్పత్రికి రావాలని వెళ్లేముందు గట్టిగా చెప్పు.

ముదిరిన జబ్బు తగ్గినట్టే తగ్గి చాలామందిలో తిరగబెడుతుంది. అది దాచకూడదు. అలాగని అంతా అయిపోయిందనీ అనకూడదు. ‘క్రిమినల్’లో నాగార్జున పక్కన నటించిన మనీషా కోయిరాలాకు 2012లో ముదిరిన దశలోనే బయటపడింది. న్యూయార్క్‌లో ఆపరేషన్, కీమో అయ్యాక మళ్లీ నటిస్తోంది. ఇప్పుడు పార్ప్ మాత్రలూ వచ్చాయి. బీఆర్‌సీఏ జన్యువు పాడైన కేన్సర్ కణానికి దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసుకునే ఒక దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఈ మాత్ర రెండో దారీ మూసేస్తుంది, కణం చచ్చిపోతుంది. అలాంటి జన్యులోపం ఉన్నవాళ్ల మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో, ఓలాపరిబ్ అనే పార్ప్ మాత్ర రెండేళ్లు వాడినవాళ్లలో ఏడేళ్లకు 67 శాతం మంది బతికున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 47 శాతం లోపే.

ఆ జన్యువు చెడినవాళ్లకు ముప్పు మామూలు కాదు. సాధారణంగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు, బీఆర్‌సీఏ-1 లోపముంటే నలభై మందికి దాకా రావచ్చు. అలాంటివాళ్లు పిల్లలు పుట్టాక నాళాలు, అండాశయాలు ముందే తీయించుకుంటే ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఊరూరా గర్భసంచి ఆపరేషన్లు అక్కర్లేకుండా జరుగుతున్నాయి గానీ, నిజంగా అక్కర ఉన్నవాళ్లకు ఈ ఆపరేషన్ అందకుండా పోతోంది.

ఒక్క పని చెయ్యి. కేసు షీటులో కుటుంబ చరిత్ర రాసేటప్పుడు అందరూ అమ్మ, అమ్మమ్మ, పిన్నమ్మలతో ఆపేస్తారు. ఈ జన్యువు తండ్రి నుంచి కూడా అంతే సమానంగా వస్తుంది. నాయనమ్మకూ మేనత్తలకూ రొమ్ము కేన్సర్ గానీ, అండాశయ కేన్సర్ గానీ ఉండేదేమో అడిగి రాయి.

ఉంటాను.
మీ అత్తయ్య