వెల కట్టిన ఇంజనీరు ఫీజు ఎవరిది?

అక్కా,
మాది బొల్లాపల్లి. మా ఆయన వినుకొండలో బైకు మెకానిక్కు. ఊళ్లోనే బాబాయి వరుసయ్యే ఆయన స్లాబు ఇల్లు 18 లక్షలకు మాట్లాడుకుని, లక్ష బయానా ఇచ్చి తెల్లకాగితం మీద రాసుకున్నాం. లోనుకు వెళితే ఇంటికి విలువ కట్టే ఇంజనీరు ఫీజు 4 వేలు మమ్మల్నే కట్టమన్నారు. “ఇల్లు ఆయనది, మనమెందుకు కట్టాలి?” అంటాడు మా ఆయన. “లోను మీకా, నాకా?” అంటాడు బాబాయి. చివరికి మేమే కట్టాం. తీరా ఇంజనీరు 14 లక్షలే వేశాడు. ఆ 4 వేలు బాబాయిని అడగొచ్చా? ఇప్పటికే పిన్ని ముఖం తిప్పుకుంటోంది.
— ఒక చెల్లెలు

చెల్లీ,
అడగొద్దమ్మా. మీకిచ్చే అప్పుకు ఆ ఇల్లు హామీగా సరిపోతుందో లేదో చూడమని బ్యాంకు ఆ ఇంజనీరును పంపింది. అప్పు మీది కాబట్టి ఖర్చూ మీదే. లీగల్ ఒపీనియన్ ఫీజూ అంతే. లోను రాకపోయినా ఈ డబ్బు మామూలుగా తిరిగి రాదు. చెరిసగం అనుకోవాలంటే బయానా రోజే అనుకోవాల్సింది.

నాకు దిగులంతా ఆ 14 లక్షల గురించే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు ఇంటి లోను ఆస్తి విలువలో 90 శాతం దాటకూడదు. 14 లక్షల మీద అది 12,60,000. బ్యాంకు ఇంకా తగ్గించి ఇవ్వొచ్చు కూడా. మీరు 18 లక్షల మీద లెక్కేసుకుని 16,20,000 వస్తుందని ఆశపడి ఉంటారు. పైగా మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 1,35,000. వేరే ఒప్పందం లేకపోతే అది కొనేవాళ్లే కట్టాలి; స్టాంపు డ్యూటీ వరకు 1899 స్టాంపుల చట్టం 29వ సెక్షనే ఆ మాట చెబుతోంది. ఇచ్చిన బయానా పోను ఇంకా 5,75,000 మీ చేతిలో ఉండాలి. దానికోసం మూడు రూపాయల వడ్డీకి మాత్రం వెళ్లకు తల్లీ. నూటికి ఏడాదికి 36 రూపాయలవుతుంది. ఆ వడ్డీలో మునిగిన ఇళ్లను చూశాను నేను.

రేపే బ్యాంకుకు వెళ్లి ఆ రిపోర్టు కాపీ అడుగు. మనమే అడిగి తెచ్చుకోవాలి. కొలతలు తప్పు పడ్డాయా, ఇల్లు పాతదని తగ్గించారా, గ్రామకంఠం స్థలం కావడంతో లింకు డాక్యుమెంట్లు లేవన్నారా, చూడు. కొలత తప్పయితే మళ్లీ చూడమని రాసివ్వండి. లోను ఖాయం చేసేటప్పుడు వడ్డీ, ఫీజులన్నీ చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ కూడా బ్యాంకు మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. అందులో లేని ఫీజును మీ ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు.

తర్వాత ఇద్దరూ కలిసి బాబాయి ఇంటికి వెళ్లండి. ఫీజు మాట ఎత్తకండి. రిపోర్టు ఆయన ముందు పెట్టి ధర తగ్గించమనండి. ఆ తెల్లకాగితం బదులు స్టాంపు కాగితం మీద, సాక్షులతో అగ్రిమెంటు రాయించుకోండి. లోను రాకపోయినా, సరిపడా రాకపోయినా బయానా ఫలానా తేదీలోగా తిరిగి ఇస్తానన్న వాక్యం అందులో ఉండాలి. ఆయన ఆ వాక్యానికి ఒప్పుకోకపోతే ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి.