తూటిపువ్వు - తూటికూర

వాగులో నీళ్ళు మోకాటి లోతు. నీళ్ళ మీద ఒక తీగ పాకి ఉంది. తీగకు తెల్లని పూలు. కొన్ని లేత ఊదారంగు పూలు. లోపల మాత్రం ముదురు రంగు. పువ్వు గరాటులాగ ఉంటుంది. పొద్దున విచ్చుకుంటుంది. ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. ఇదే తూటిపువ్వు.

తూటి మన నేల మొక్క. ఎవరూ విత్తనం వేయరు. వాగు, పంటకాలువ, చెరువు అంచు, నీళ్ళు నెమ్మదిగా పారే చోట అదే పెరుగుతుంది. దాని కాడ విరిచి చూడండి. బొప్పాయి ఆకు కాడలాగ బోలుగా ఉంటుంది. లోపల గాలి ఉంటుంది. అందుకే తీగ మునగదు. కణుపు కణుపుకూ వేళ్ళు దిగుతాయి. వరదకు తీగ తెగినా, ముక్క ఆగిన చోట మళ్ళీ బతుకుతుంది.

దీని ఆకులు, లేత కాడలు కూరకు వస్తాయి. ఒంటికి రక్తం పట్టే ఇనుము, కంటిచూపును కాపాడే ఎ విటమిన్ ఇందులో ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. కానీ కోసేముందు చూసుకోవాలి.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు చెరువు కట్ట మీద ఆకు కోయబోయింది.

"అది కాదే అమ్మా! అది లొట్టపీసు" అంది అత్త.

"పువ్వు అలాగే ఉంది గదత్తా?"

"పువ్వు చూసి మోసపోకు. నిలబడిందా, పాకిందా చూడు."

అత్త చెప్పింది నిజం. లొట్టపీసు కూడా తూటి జాతిదే. కొన్ని ఊళ్ళలో దాన్నీ తూటికాడ అనే అంటారు. తిప్పలు అక్కడే వస్తాయి. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పొద. మనిషెత్తు నిలబడుతుంది. పువ్వు పెద్దది. చూడ్డానికి అదే అందం! కానీ ఆకు విషం. ఎండాకాలం మేత దొరకక మేకలు దాన్ని తింటాయి. అలవాటు పడితే వదలవు. నడక తూలుతుంది. చిక్కిపోతాయి. చచ్చిపోతాయి కూడా.

మొక్క సరైనదే అయినా నీళ్ళు మంచివి కావాలి. తూటి నీళ్ళలోని సీసం వంటి విషలోహాలను పీల్చుకుంటుంది. ఆకు మాత్రం పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. ఎంత కడిగినా, ఎంత ఉడికించినా ఆ విషం పోదు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఉంది. ఫ్యాక్టరీల మురుగు కలిసి ఆ వాగు పాడైంది. ఆ ప్రాంతపు గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటి వాగులో, ఊరి మురుగు కాలువలో తూటి కోయకూడదు.

మంచి చోటి తీగ ముక్క తెచ్చుకోండి. రెండు మూడు కణుపులుంటే చాలు. బోరింగు దగ్గర తడినేలలో గుచ్చండి. అంటుకుంటుంది. కొసలు కోసిన కొద్దీ పక్క నుంచి చిగుళ్ళు వస్తాయి.

వండేటప్పుడు కాడలు చీల్చి కడగాలి. బోలులో పురుగూ పుట్రా దూరి ఉంటాయి. పచ్చిగా తినరాదు. పేగు పురుగులు ఆకులకు అంటుకొని రావచ్చు. బాగా ఉడికితే అవి చస్తాయి. గంపెడు ఆకు పిడికెడు కూర అవుతుంది. ఎందుకంటే ఆకులో నూటికి 90 వంతులు నీరే. కందిపప్పుతో కలిపి వండి, దించాక నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అంత పట్టదు.

మాట్లాడుకోండి: మీ ఊళ్ళో తూటి ఎక్కడ పెరుగుతుంది? ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

చదివి రాయండి: తూటి, తీగ, కణుపు, లొట్టపీసు, నక్కవాగు.