బందరు కలంకారీ – పరిరక్షణ సమస్య

బందరు, కలంకారీ అనే రెండు మాటలూ మన భాషలోకి సముద్రం మీదుగా వచ్చినవి. పారసీక భాషలో ‘బందర్’ అంటే ఓడరేవు. ‘కలం’ అంటే రాత పుల్ల, ‘కారీ’ అంటే పని. ఉర్దూ చదువుకునే విద్యార్థులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మీనాకారీ, దస్త్‌కారీ అనే మాటలు వారికి నిత్యపరిచితాలే. తెలుగువారు ఈ రెండింటిని ఎంతగా తమవి చేసుకున్నారంటే, మచిలీపట్నం అనే చక్కని పేరు ఉండగా కూడా చుట్టుపట్ల గ్రామాలవారు ‘బందరు’ అనే అంటారు. ఊరి పేరులోను, ఆ ఊరి చేతిపని పేరులోను రెండు సంస్కృతుల కలయిక ఇంత స్పష్టంగా నిలిచిన తావులు ఆంధ్రదేశంలో అరుదు. ఆ చేతిపనిని రాబోయే తరాలకు అందించడమంటే నిజానికి వేటిని అందించడం? ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం ఇది.

గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో, అనగా 1518 నుండి 1687 వరకు, మచిలీపట్నం ఆ రాజ్యానికి ప్రధానమైన రేవుగా ఎదిగింది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. పారసీక వర్తకులకూ ఈ రేవు సుపరిచితమే. ఇక్కడ అద్దిన బట్ట ఇరాన్‌కు, తూర్పు దీవులకు, ఐరోపాకు ఎగుమతి అయ్యేది. ‘పలంగ్‌పోష్’ అనే మంచపు దుప్పటి ఐరోపావారి నోట ‘పలంపోర్’ అయి వారి పడకగదులకు చేరింది. ఈ బట్టల మోజు అక్కడ ఎంత పెరిగిందంటే, తమ నేతగాండ్రను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700, 1721 సంవత్సరాలలోను రంగుల అద్దకపు నూలుబట్టలపై నిషేధాలు విధించవలసి వచ్చింది. మన పల్లెల అద్దకపు పనివారి చేతికి భయపడి రెండు రాజ్యాలు చట్టాలు చేశాయన్న మాట!

శ్రీకాళహస్తి కలంకారీకి, బందరు కలంకారీకి భేదమున్నది. శ్రీకాళహస్తిలో కలంతో చిత్రిస్తారు. రామాయణ భారత కథలు అక్కడి ఇతివృత్తాలు. బందరులోనూ పూర్వం కలం వాడినా, కాలక్రమాన చెక్క అచ్చులకే ప్రాధాన్యం కలిగింది. పారసీకుల అభిరుచిని అనుసరించి సరోవృక్షాలు, మిహ్రాబు తోరణాలు, పూలతీగెలు ఇక్కడి అలంకారాలు అయినవి. యంత్రాల మీద అచ్చువేసిన విదేశీ బట్ట రావడంతో ఈ వృత్తి క్షీణించింది. 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకున్నది. అయినా పని పూర్తిగా అంతరించలేదు. స్వాతంత్ర్యానంతరం మళ్ళీ కోలుకున్నది; నేడు బందరు సమీపాన ఉన్న పెడన ఈ వృత్తికి ముఖ్యకేంద్రం.

ఇప్పుడు పని జరిగే తీరును కొంత వివరంగా చూడాలి. ఏది పోతే కళ పోతుందో తెలియాలంటే ఈ వివరం తప్పదు. ముందుగా నూలుబట్టను ఉతికి గంజి వదలగొట్టి, ఎండలో చలువ చేస్తారు. తరువాత కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు బట్టకు పడుతుంది. పాలలోని కొవ్వు రంగు పక్కలకు పాకకుండా నిలుపుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో చాలా రోజులు ఊరవేసి తీసిన ద్రవంలో అచ్చును అద్ది బట్టపై వేస్తే, ఆ ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లని గీత అవుతుంది. ఎరుపు రావలసిన చోట వేరొక అచ్చుతో పటిక నీటిని అద్దుతారు. చూడబోతే అక్కడ ఎరుపే కనిపించదు! బట్టను ఎర్రరంగు నీటిలో వేసి గంగాళంలో కాచినప్పుడు పటిక పడిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది. రసాయనశాస్త్రం పాఠ్యగ్రంథాలలోకి రాకముందే అది మన పనివారి చేతిలో ఉన్నది.

ఇందులో పైకి కనిపించని మెలకువ ఒకటున్నది. పటిక అద్దిన బట్టను కాచడానికి ముందు పారే నీటిలో జాడించాలి. అదనంగా ఉన్న పటికను ప్రవాహం తీసుకుపోవాలి. నిలవనీటిలో జాడిస్తే ఊడిన పటిక తిరిగి బట్టమీదనే మరో చోట పడుతుంది. కాచిన తరువాత తెల్లగా ఉండవలసిన నేల అంతా ఎర్రని మరకలవుతుంది. అందుచేత కలంకారీకి కాలువ ఒక పనిముట్టు. 1852–1855 మధ్య బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1957లో దానికి బదులుగా ప్రకాశం బ్యారేజి వచ్చింది. డెల్టా కాలువలను వరిపొలాల కోసం తవ్వారన్నది అందరికీ తెలిసినదే. వాటి నీటిమీద ఒక కళ కూడా ఆధారపడి ఉన్నదని ఎందరికి తెలుసు? కాలువ కట్టివేసిన రోజులలోను, ఊరి మురుగు అందులో కలిసినప్పుడును అద్దకపువారి కష్టం రైతు కష్టంవంటిదే. నీటిపారుదల శాఖవారి లెక్కలలో ఎకరాలుంటాయి గాని గజాల బట్ట ఉండదు.

ఒక వస్తువు చేజారితే దానితో పాటు ఎంత పోతుందో తెలియడానికి చిరివేరు కథ చాలు. తీరప్రాంతపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క ఇది. దీని వేరునుండే పూర్వం కోరమాండల్ బట్టల ఎరుపు వచ్చేది. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోల్కొండ రాజ్యాన్ని గురించి రాసిన వృత్తాంతంలో ఈ వేరును, ఇక్కడి చిత్రవస్త్రాలను ప్రస్తావించాడు. గవ్వల సున్నం కలిసిన నేలలో పెరిగిన వేరు మేలైన ఎరుపునిస్తుందని నాటివారికి అనుభవంచేత తెలుసు. ఆ ఎరుపు వన్నెకు సున్నం తోడ్పడుతుందని నేటి శాస్త్రం కూడా అంగీకరిస్తుంది. 1868లో ఇద్దరు జర్మను రసాయనవేత్తలు, గ్రేబె, లీబర్మన్ అనేవారు, ఆ జాతి వేళ్ళలోని అలిజరిన్ అనే రంజకద్రవ్యాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. దానితో ప్రపంచమంతటా రంగువేళ్ళ సేద్యం కూలిపోయింది, చిరివేరూ వెనుకబడింది. ఈనాడు కలంకారీ ఎరుపులో చాలాభాగం అలిజరిన్ పొడినుండి వచ్చేదే. అమ్మకపుదారులు ‘సర్వం సహజం’ అని చెప్పే మాటను కొంత తగ్గించి వినడం మంచిది. అలిజరిన్ వాడినవారిని తప్పుపట్టనవసరం లేదు. కాని చిరివేరును ఏ నేలలో నాటాలి, ఎంత ముదిరాక తవ్వాలి, ఎలా నిలవచేయాలి అన్న తెలివి ఆ మొక్కతోనే వెనుకకు పోయింది. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంలో మన తీరపు పాత బట్టలు భద్రంగా ఉన్నవి. వాటి ఎరుపు నేటికీ చెదరలేదు. బట్ట దొరికింది గాని ఆ తెలివిని దాచిపెట్టే అద్దాలబీరువా ఎక్కడా లేదు.

విజయవాడకు సమీపంలోనే ఉన్న కొండపల్లిలో ఇదే విషయం మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడి బొమ్మలకు తెల్లపొణికి కర్ర కావాలి. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి లొంగే ఆ కర్ర కొండపల్లి పరిసరాల అడవులలో దొరుకుతుంది. చెట్టును కొట్టడానికి ఒక పూట చాలు, పెరగడానికి ఏండ్లు కావాలి. పొణికి మొక్కలు నాటకుండా బొమ్మల పనివారికి ఎన్ని సన్మానాలు చేసినా ఏమి ప్రయోజనం?

ఇక చట్టాల సంగతి. రాతికి రక్షణ ఉన్నది. 1958నాటి పురాతన కట్టడాల చట్టం క్రింద ఉండవల్లి గుహలవంటివి సంరక్షింపబడుతున్నవి. చేతివృత్తుల పరిజ్ఞానం కూడా వారసత్వమేనని యునెస్కో 2003లో ఒక ఒడంబడిక ద్వారా అంగీకరించింది. భారతదేశం 2005లో దానిని ఆమోదించింది. 1999నాటి భౌగోళిక గుర్తింపు చట్టం క్రింద మచిలీపట్నం కలంకారీ, కొండపల్లి బొమ్మలు రెండూ నమోదైనవి. ఈ గుర్తింపువలన పేరుకు రక్షణ లభించింది. అయితే కలంకారీకి అసలు పోటీ దూరదేశపు మిల్లులకంటె దగ్గరలోనే ఉన్నది. అవే పూలతీగెలను తెరఅచ్చుతో, రసాయనపు రంగులతో, చాలా తక్కువ కాలంలో వేసి కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. పెడనలోనే రెండు రకాల పనీ సాగుతున్నది. తెరఅచ్చు వేసేవారూ బ్రతుకుతెరువు కోసమే వేస్తున్నారు. వారి పనిని నిషేధించమనడం న్యాయం కాదు. దానిని దాని పేరుతో అమ్మమనడం మాత్రం న్యాయమే. కొనేవారికి కూడా కొంచెం కన్ను కావాలి. చేతి అచ్చు పనిలో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలైన చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గీతలోకి నింపిన రంగు అక్కడక్కడ గీత దాటుతుంది. ఆ తేడాను లోపమనుకుని బేరమాడి ధర తగ్గించేవారు ఎందరో.

ఇందులో విద్యార్థులు చేయగల పని ఒకటున్నది. ఈ వృత్తిలో అచ్చులు చెక్కేవారు వేరు, అద్దేవారు వేరు. టేకుచెక్కపై నమూనాను దింపి సన్నని ఉలులతో తొలచి అచ్చు తయారుచేస్తారు. రేఖలకు ఒకటి, నింపే ప్రతి రంగుకు ఒక్కొక్కటి చొప్పున ఒకే పువ్వుకు మూడు నాలుగు అచ్చులు కావచ్చును. గిరాకీ తగ్గిన నమూనా అచ్చు అటకెక్కుతుంది. కొంతకాలానికి చెదలకో, పొయ్యికో పోతుంది. దానితో ఆ పువ్వు కూడా పోతుంది. అలా పోకముందే, యజమానుల అనుమతితో, ప్రతి పాత అచ్చును కాగితంపై ఒకసారి అద్ది పుస్తకంగా కుట్టవచ్చు. అది ఎన్ని అచ్చుల జట్టు, ఏ అచ్చుకు ఏ రంగు, పనివారు దానిని ఏమని పిలుస్తారు, ఏ తరంలో చెక్కారు అన్నవి పక్కనే రాయాలి. నమూనా ఆ ఇంటివారిది. కనుక ఒక ప్రతి వారికే ఇవ్వాలి, వారి అంగీకారం లేనిదే బయట అచ్చువేయరాదు. పేర్లలో ఉర్దూ పారసీక పదాలు వచ్చినచోట, ఉదాహరణకు పూమొక్కను బూటా అని, అంచును హాషియా అని పిలిచినచోట, ఉర్దూ విభాగం విద్యార్థులు వాటి అర్థాలు వివరించగలరు. తెలుగు విభాగంవారు అద్దకపువారి మాటలను యథాతథంగా రాసుకోగలరు. రసాయనశాస్త్రం చదివేవారు నాలుగు కాలాలలో కాలువ నీటిని పరీక్షించి ఫలితాలు అదే పుస్తకంలో చేర్చవచ్చు. కావలసినవి తెల్లకాగితాలు, కొంచెం నల్లరంగు, పెడనకు బస్సు ఛార్జీలు. వేసవి సెలవులలో కాలువలు కట్టివేసి ఉంటాయి గనుక, నీరు పారే రోజులలో ఆదివారాలను ఇందుకు ఎంచుకోవడం మేలు. అప్పుడు అచ్చులతో పాటు బట్ట జాడింపును కూడా కళ్లారా చూడవచ్చు.