కాళ్ళు నిలవనివ్వని జబ్బు: డాక్టరు ఎలా గుర్తిస్తారు?

రాత్రి పదింటికి ఇల్లంతా పడుకుంటుంది. ఒక్కరు మాత్రం వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటారు. పడుకుంటే పిక్కల లోపల ఏదో పాకినట్టు, లాగినట్టు ఉంటుంది. లేచి నడిస్తే పోతుంది, పడుకుంటే మళ్ళీ మొదలు. ఇంట్లోవాళ్ళు దీన్ని వయసు అంటారు, నరాల బలహీనత అంటారు, దిష్టి అని తాయెత్తు కూడా కట్టిస్తారు. వైద్యులు పెట్టిన పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. స్వీడన్ నరాల వైద్యుడు ఎక్‌బామ్ 1945లో దీన్ని వివరంగా రాశారు. బెంగళూరు నగరంలో జరిపిన ఒక సర్వే 2007లో అచ్చయింది. అందులో నూటికి ఇద్దరికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే అరుదైనదేమీ కాదు.

ఇది ఎక్స్‌రేలో కనపడదు, స్కానింగులో కనపడదు. రోగి చెప్పే మాటలే డాక్టరుకు ఆధారం. చిక్కంతా అక్కడే ఉంది. మన వైపు "కాళ్ళు గుంజుతాండాయి సార్" అంటే అది మోకాళ్ళ అరుగుదల కావచ్చు, షుగరు వల్ల మంటలు కావచ్చు, పిక్క పట్టేయడం కావచ్చు, ఈ జబ్బూ కావచ్చు. రద్దీగా ఉన్న ఓపీలో ఆ ఒక్క మాట విని నొప్పి మాత్ర రాసేస్తే తప్పు పట్టలేం. కానీ ఆ మాత్రతో ఈ జబ్బు తగ్గదు.

అందుకే ఈ జబ్బు మీద పనిచేసే అంతర్జాతీయ వైద్య బృందం ఐదు గుర్తులు నిర్ణయించింది. వాటిని 2014లో సవరించి ప్రకటించారు. మొదటిది కాళ్ళు కదిలించాలనే ఆపుకోలేని తపన. నొప్పి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తపన మాత్రం ఉండాలి. రెండోది, కదలకుండా ఉన్నప్పుడే అది మొదలు కావడం లేదా పెరగడం. ఒక మనిషి గండికోటలో జామియా మసీదు నుంచి పెన్నా లోయ అంచు దాకా ఎండలో తిరిగి ఒక్క మాటా అనడు, తిరిగి వచ్చే రాత్రి బస్సులో మాత్రం సీట్లో కూర్చోలేడు. అరిగిన మోకాలైతే దీనికి సరిగ్గా తిరగబడుతుంది: నడిస్తే బాధ, కూర్చుంటే సుఖం. మూడోది, నడిచినా కాళ్ళు చాపినా, కనీసం కదిలిస్తున్నంతసేపైనా ఉపశమనం. నాలుగోది, సాయంత్రం, రాత్రి ఎక్కువ కావడం.

ఐదోదే కష్టమైనది: పై నాలుగూ మరో కారణం వల్ల వచ్చినవి కావని తేల్చుకోవడం. పిక్క పట్టేస్తే కండ రాయిలా గట్టిపడి చేతికి తగులుతుంది, ఈ జబ్బులో అలా ఉండదు. షుగరు వల్ల వచ్చే తిమ్మిరి, మంట నడిచినంత మాత్రాన పోవు, పగలూ ఉంటాయి. కాళ్ళ వాపు, ఉబ్బిన సిరలు, కూర్చుని కాలు ఊపే అలవాటు, వీటినీ విడదీయాలి. ఇక్కడ ఉపాధ్యాయురాలిగా ఒక మాట. "రాత్రిపూట ఎక్కువా?" అని అడిగితే చాలామంది మర్యాదకు అవునంటారు. "ఎప్పుడు ఎక్కువ? అప్పుడు ఏం చేస్తారు?" అని అడిగితేనే అసలు సంగతి బయటికి వస్తుంది.

తల్లికో, అన్నకో ఇదే బాధ ఉందా అన్నది మరో ఆధారం, ఎందుకంటే ఇది కుటుంబాల్లో నడుస్తుంది. నిద్రలో కాళ్ళు అదే పనిగా విదిలించడం రోగికి తెలియదు, పక్కన పడుకున్నవారు చెప్పాలి.

రక్తపరీక్ష జబ్బును నిర్ధారించదు గానీ కారణాన్ని పట్టిస్తుంది. ముఖ్యమైనది శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్. ఉచిత శిబిరాల్లో మనం సాధారణంగా బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ చూపిస్తాం. హిమోగ్లోబిన్ సరిగా ఉండి కూడా ఇనుము నిల్వ అడుగంటి ఉండవచ్చు. మామూలు మనిషికి సరిపోయే అంకె ఈ రోగికి చాలదు: ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, లేదా అంతకు తక్కువ ఉంటే ఇనుము ఇచ్చే విషయం ఆలోచించాలని నిపుణుల సలహా. ల్యాబు కాగితం మీద మాత్రం అది "నార్మల్" అనే ఉంటుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది కాబట్టి అవి తగ్గాక, ఉదయం పూట చేయించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. శిబిరాలకు విరాళమిచ్చే దాతలు, కాళ్ళ బాధ చెప్పే స్త్రీలకైనా ఈ ఒక్క పరీక్ష కలిపించాలని నా మనవి. డాక్టరు చెప్పకుండా ఇనుము మాత్రలు మింగడం మాత్రం వద్దు.

గర్భిణులకు చివరి నెలల్లో ఇది వస్తుంటుంది, కాన్పయ్యాక చాలామందికి తగ్గుతుంది. కిడ్నీలు చెడి డయాలసిస్ మీద ఉన్నవారిలోనూ ఎక్కువ. కొన్ని మందులు జబ్బును పెంచుతాయి: నిద్రమత్తు తెప్పించే జలుబు మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక ఒత్తిడికిచ్చే కొన్ని మాత్రలు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. సొంతంగా ఏదీ ఆపకండి.

పిల్లలకూ ఇది వస్తుంది. పెరిగే వయసు నొప్పులని పెద్దలు, కుదురు లేదని మా బడివాళ్ళు అనుకుంటాం. పిల్లల విషయంలో వైద్యులు బిడ్డ సొంత మాటల్లోనే వినాలంటారు. "కాళ్ళలో చీమలు పాకుతున్నాయి", "కాళ్ళు పరిగెత్తమంటున్నాయి" అని బిడ్డ అంటే, ఆ మాటనే దిద్దకుండా కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.