ప్రజా గ్రంథాలయాలు – ప్రజల విరాళాలు

గ్రంథాలయం ప్రజలది అన్నప్పుడు దాని ఖర్చు ఎవరు భరించవలెనను ప్రశ్న వెంటనే పుట్టుచున్నది. ప్రభుత్వమే భరించవలెనని కొందరు, దాతలు ముందుకు రావలెనని కొందరు అందురు. ఈ రెండింటిలో ఒకదానిని మాత్రమే పట్టుకొనుట పొరపాటు. ఏ పనికి ఏ డబ్బు తగునో తెలిసికొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతంలో గ్రంథాలయాలు చట్టం వలన పుట్టలేదు. ప్రజల చందాల వలన పుట్టినవి. 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి విద్వాంసులు, మునగాల రాజా వంటి దాతలు దానికి అండగా నిలిచినారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమానికి జీవితమంతా ధారపోసినారు. చేనేతకు పేరుపొందిన చీరాల ప్రాంతంలోని వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం ఆరంభమైనది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసినారు. 1935లో గుంటూరు జిల్లాలో పెదపాలెం, కొల్లూరుల మధ్య కాలువపై పడవలో గ్రంథాలయం నడిచినది. ఉర్దూ వైపు చూచినచో, 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు హైదరాబాదులో ఇదారె అదబియ్యాతె ఉర్దూను స్థాపించి, వ్రాతప్రతులను, పాత గ్రంథాలను చేర్చి కాపాడినారు. భాషలు వేరైనను పూనిక ఒక్కటే.

అయితే దానం ఎంత గొప్పదైనను ఒక తరంతో ఆగిపోవు ప్రమాదం ఉన్నది. పాట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయం ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి విడిచిపోయిన సుమారు 1,400 వ్రాతప్రతులను ఖుదాబఖ్ష్ ఖాన్ గారు 4,000 వరకు పెంచి, 1891లో ప్రజలకు తెరిచినారు. ఆయన న్యాయవాది, తన సంపాదనను గ్రంథాలకే వెచ్చించినారు. ఆ సంపద నేటికీ నిలిచినదన్నచో, ఆయన త్యాగంతోపాటు ప్రభుత్వ పోషణ కూడా కారణం. 1969లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించినది. వ్యక్తి నాటిన చెట్టుకు రాజ్యం నీరు పోసినది.

ఈ సూత్రాన్ని ముందే గ్రహించినవాడు ఆండ్రూ కార్నెగీ. స్కాట్లండులో ఒక నేతపనివాని ఇంట 1835లో జన్మించి, అమెరికాకు వలసపోయి, బాల్యంలో ఒక పెద్దమనిషి పనిపిల్లలకు తెరిచిన సొంత పుస్తకాల గదిలో చదువుకొన్నాడు. ధనవంతుడైన పిమ్మట ప్రపంచంలో 2,500కు పైగా గ్రంథాలయ భవనాలకు ధనమిచ్చినాడు. కాని సాధారణంగా ఒక షరతు పెట్టెడివాడు: ఊరు స్థలం ఇవ్వవలెను, తానిచ్చిన మొత్తంలో పదవ వంతును ఏటేటా పన్నుల నుండి నిర్వహణకు కేటాయించవలెను. భవనం దాతది, బ్రతుకు ఊరిది. ఆయన కర్మాగారాలలో కార్మికులు పడిన కష్టాలను తలచి ఆ ధనాన్ని నిరాకరించిన ఊళ్లు కూడా కలవు. విరాళం స్వీకరించునప్పుడు దాని మూలాన్ని గూర్చి ఆలోచించుట కూడా ప్రజల హక్కే.

మనకు 1960లో ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చినది. దాని ప్రకారం స్థానిక సంస్థలు ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లించవలెను. ఇది ప్రతి గృహస్థుడు తెలియకయే ఇచ్చు చందా. వసూలైన పన్ను సకాలంలో గ్రంథాలయానికి చేరనిచోట పుస్తకాలు కొనుట ఆగిపోవును, పత్రికలు తగ్గిపోవును. అట్టిచోట దాతల డబ్బుతో ఆ లోటు పూడ్చుట మేలు వలె కనిపించును గాని, అది బాధ్యులను బాధ్యత నుండి విడిపించుటయే యగును. కావున పన్నును అడుగుట, విరాళం సేకరించుట రెండును కలిసి సాగవలెను.

విరాళం సేకరించువారు గుర్తుంచుకొనవలసిన విషయాలు నాలుగు.

మొదటిది: ఏ పనికో స్పష్టంగా చెప్పి అడుగవలెను. "గ్రంథాలయాభివృద్ధికి" అన్నచో చేయి జేబులోనికి పోదు. "పోటీ పరీక్షల పుస్తకాలకు", "పిల్లల గదికి", "ఉర్దూ వ్రాతప్రతుల జిల్దుకు" అన్నచో దాత మనసు కదలును.

రెండవది: చిన్న చందాలను చులకన చేయరాదు. లక్ష రూపాయల శాశ్వత నిధిపై ఆరు శాతం వడ్డీ ఏడాదికి 6,000 రూపాయలు. ఇన్నూరు మంది నెలకు పది రూపాయల చొప్పున ఇచ్చినచో ఏడాదికి 24,000 రూపాయలు. ఇది నాలుగు లక్షల నిధితో సమానం. అంతకు మించి, ఇన్నూరు మంది గ్రంథాలయం తమదని భావింతురు.

మూడవది: నిధి మూలధనం కదలరాదు, వడ్డీయే వాడవలెను. ఆస్తిని నిలిపి దాని ఫలాన్ని సత్కార్యానికి వినియోగించు వక్ఫ్ భావన మనలో చాలామందికి చిరపరిచితమే. లెక్కలను ఏటేటా గోడపై అంటించినచో నమ్మకం పెరుగును.

నాల్గవది: పుస్తకదానాన్ని కూడా పరిశీలించియే స్వీకరించవలెను. చిరిగిన పాత పాఠ్యపుస్తకాల గుట్ట గ్రంథాలయానికి భారమే. దాత అభిరుచిని బట్టి కాక, పాఠకుని అవసరాన్ని బట్టి ఎంపిక జరుగవలెను. దాత పేరు బీరువాపై ఉండవచ్చును. పుస్తకాల ఎంపికపై ఉండరాదు.

విద్యార్థి మిత్రులు తమ వద్ద ధనం లేదని వెనుదీయనక్కరలేదు. సెలవులలో పట్టికలు వ్రాయుట, పుస్తకాలకు అట్టలు వేయుట, చదువురాని పెద్దలకు పత్రిక చదివి వినిపించుట కూడా విరాళాలే. ఉర్దూ, తెలుగు రెండు భాషలు తెలిసిన విద్యార్థి ఒక్కడు బీరువాలోని రెండు భాషల పుస్తకాలను క్రమపరచగలడు. ఆ సేవ డబ్బుతో కొనలేనిది.

మన కళాశాల పాలక సంఘం వారు మన ఊరి శాఖా గ్రంథాలయానికి తోడుగా ఒక చిన్న శాశ్వత నిధిని ఆరంభింతురని, విద్యార్థులు నెలనెలా తమ వంతు చెల్లింతురని ఆశించుట అత్యాశ కాదు. మన పూర్వులు పూరిపాకలలోను, పడవలలోను గ్రంథాలయాలు నడిపినారు. వారి పుస్తకాలను మనం చదివినాము. మన తరువాత వచ్చువారికి ఆ తలుపు తెరిచి ఉంచుట మన విధి.