ప్రభావము – ఆత్మాశ్రయ గీతము

కళాకారునిపై పూర్వుల ప్రభావం పడటం దోషం కాదు. దానిని తన అనుభూతిగా మలచుకోలేకపోవడమే దోషం. ఇందుకు ఇంగ్లండులోని జాయ్ డివిజన్ అనే రాక్ సంగీత బృందాన్ని మనం నిదర్శనంగా గ్రహించవచ్చు.

1976లో మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ కచేరీ విన్న యువకుల ఉత్సాహమే దీని పుట్టుకకు మూలం. డేవిడ్ బౌవీ స్వరరచన ఒకదాని పేరును అనుసరించి వీరు మొదట 'వార్సా' అని పేరు పెట్టుకున్నారు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్, ఇగ్గీ పాప్, జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ సంగీతమూ వీరిని ప్రభావితం చేసింది. అయితే 1979లో ఫ్యాక్టరీ అనే స్వతంత్ర సంస్థ వెలువరించిన 'అన్‌నోన్ ప్లెజర్స్'లో పంక్ సంగీతపు ఆగ్రహం అంతర్ముఖమైంది. బాస్ గిటారు రాగాన్ని నడిపింది. వాద్యాల నడుమ నిశ్శబ్దం సైతం భావాన్ని పలికింది.

గీతకర్త ఇయాన్ కర్టిస్ తన ఉద్యోగంలో పరిచయమైన మూర్ఛవ్యాధిగ్రస్త యువతిని గురించి 'షీజ్ లాస్ట్ కంట్రోల్' రచించాడు. పిమ్మట ఆ వ్యాధి తనకే ఉన్నట్లు తేలింది. పరుల వేదన ఆత్మవేదన అయింది. 1980 మే 18న, 23 ఏండ్ల వయస్సులో, అతడు బలవన్మరణం చెందాడు. అతడు తన గురించే వ్రాసుకుంటున్నాడని తాము తలచలేదని సహచరులు అనంతరం చెప్పారు.

ఆత్మాశ్రయ కవిత్వం చదివే మనకు ఇది హెచ్చరిక. తోటి విద్యార్థి చీకటిని గూర్చి కవిత వ్రాసి చూపితే, శిల్పాన్ని మెచ్చుకోవడంతో సరిపుచ్చక, అతని క్షేమాన్ని కూడా అడుగుదాం.