నెట్ లేకున్నా రాత్రి కాపలా: సీసీ కెమెరా కొనేవారికి 8 చిట్కాలు

కృష్ణా, మూసీ కలిసే వాడపల్లిలో చలికాలం నది మీద నుంచి మంచు కమ్ముతుంది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఉండనే ఉంది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద రాత్రంతా లారీల హెడ్‌లైట్లు. పగలు ఏ కెమెరా అయినా బాగానే చూపిస్తుంది. ఇలాంటి చోట అర్ధరాత్రి వచ్చిన మనిషి ముఖం పోల్చుకునేలా చూపించేదే కొనదగ్గ కెమెరా.

1. మెగాపిక్సెళ్ల కంటే ముందు సెన్సర్ సైజు అడగండి. వెలుతురును పట్టేది అదే. 1/2.8 అంగుళం రకం కంటే 1/1.8 రకం పెద్దది. చిన్న సెన్సర్‌లో 8 మెగాపిక్సెళ్లు ఇరికిస్తే ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు తగ్గిపోతుంది.

2. లెన్స్ మీద ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. ఎఫ్2.0 కంటే ఎఫ్1.0 లెన్స్ నాలుగు రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది.

3. షాపులో లైట్లు ఆర్పించి, ఒకరిని కెమెరా ముందు నడవమనండి. ఆ రికార్డింగును మధ్యలో ఆపి చూడండి. బొమ్మ ఎంత వెలుగ్గా ఉన్నా, నడిచే మనిషి ముఖం అలుక్కుపోతే ఆ కెమెరా వద్దు.

4. ఐఆర్ (పరారుణ) లైటుతో రాత్రి బొమ్మ నలుపు తెలుపులోనే వస్తుంది. చొక్కా రంగు, బండి రంగు తెలియాలంటే గేటు దగ్గర రాత్రంతా ఒక ఎల్‌ఈడీ బల్బు వెలగాలి. మంచు పట్టినప్పుడు కెమెరాలోని ఐఆర్ వెలుగు వెనక్కి కొట్టి తెర తెల్లబడుతుంది. కాస్త ఎడంగా పెట్టిన లైటు అప్పుడు అక్కరకొస్తుంది.

5. కెమెరాను హెడ్‌లైట్లకు ఎదురుగా గానీ, పక్క గోడకు మరీ దగ్గరగా గానీ బిగించకండి. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు చాలు. మరీ పైన పెడితే నడినెత్తి తప్ప ముఖం కనబడదు. వారానికోసారి దుమ్మూ సాలెగూడూ మెత్తని గుడ్డతో తుడవండి.

6. ఫోన్ యాప్, నెట్ లేకుండా సెట్ చేసుకుని రికార్డింగు చూడగలమా అని కచ్చితంగా అడగండి. వైరుతో నడిచే కెమెరాలు, డీవీఆర్ లేదా ఎన్‌వీఆర్ (రికార్డింగు పెట్టె), నిఘా కోసం తయారైన హార్డ్ డిస్క్ తీసుకోండి. 2 ఎంబీపీఎస్‌తో రోజంతా రికార్డయితే ఒక్కో కెమెరాకు రోజుకు సుమారు 22 జీబీ పడుతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకు మించి రాదు.

7. కరెంటు పోయినా పనిచేయాలంటే డీవీఆర్‌తో పాటు కెమెరాల అడాప్టరుకూ యూపీఎస్ ఇవ్వండి. డీవీఆర్‌ను టీవీ పక్కన పెట్టకుండా, గాలి ఆడే చోట తాళం వేసి ఉంచండి. దొంగ దాన్నే ఎత్తుకుపోతే సాక్ష్యం మొత్తం పోయినట్టే.

8. నెట్ లేని డీవీఆర్ గడియారం మెల్లగా తప్పుతుంది. నెలకోసారి తేదీ, టైము సరిచేయండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చండి. ఏదైనా జరిగితే పాతదాని మీద కొత్తది రికార్డు కాకముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి, డిస్క్‌ను చెరపకండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి.

డబ్బు తక్కువగా ఉంటే నాలుగు నాసిరకం కెమెరాలు కొనకండి. గేటుకు ఒక మంచి కెమెరా, దాని పక్కన ఒక మంచి లైటు పెట్టించండి. పక్కింటి వాకిలి మాత్రం కెమెరాలో పడకుండా చూసుకోండి.